మా ఇంటి వియత్నాం

పోయిన రెండు వారాలూ ఈ పేజీలో నేను కనబడకపోయేసరికి "ఏమయ్యా, సినిమాల్లో వేషం దొరికిందా?" అని ఒకరూ, "పెళ్ళయిపోయిందా?" అని ఇంకొకరూ అడిగారు. రెండూ కాదు. ఫామిలీ గ్రూప్ టూర్లో వియత్నాం వెళ్ళొచ్చాను. అమ్మ, అన్నయ్య, వదిన, వాళ్ళ పాప, నేను. ముప్ఫై ఆరేళ్ళ బ్రహ్మచారికి ఫామిలీ టూరేమిటని నవ్వకండి. ఆ కథే ఈ వారం కబురు.

అసలు మనకి తెలిసిన వియత్నాం ఏది? సినిమాల్లో చూసిందేగా! హెలికాప్టర్లు, మంటలు, అడవి, బురదలో పాకే సిపాయిలు. కాని మనలో మాట, ఆ సినిమాల్లో చాలావాటికి వియత్నాం గాలే తగల్లేదు. 'అపోకలిప్స్ నౌ' (1979), 'ప్లటూన్' (1986) ఫిలిప్పీన్స్‌లో తీశారు. 'గుడ్ మార్నింగ్ వియత్నాం' (1987) థాయిలాండ్‌లో. 'ఫుల్ మెటల్ జాకెట్' (1987) అయితే మరీ విచిత్రం, మొత్తం ఇంగ్లండ్‌లోనే! రాంబో గారు రెండో భాగంలో (1985) చిందులు తొక్కిన వియత్నాం అడవి మెక్సికోది. అంటే ఇన్నాళ్ళూ మనం టిక్కెట్టు కొని చూసింది డూప్‌ని అన్నమాట.

మన దక్షిణాదిలోనూ ఒక వియత్నాం ఉంది. 1970లో శివాజీ గణేశన్, పద్మిని నటించిన తమిళ చిత్రం 'వియత్నాం వీడు'. వీడు అంటే ఇల్లు. ఎప్పుడూ పోరు నడిచే ఇల్లు కాబట్టి ఆ పేరు. ఆ లెక్కన సామర్లకోట దగ్గర మా ఊళ్ళో ఉన్న మా ఇంటికీ ఆ పేరే పెట్టొచ్చు.

ఫ్లాష్ బ్యాక్

నాలుగేళ్ళ కిందట నాన్న పోయారు. చివరి రెండేళ్ళూ ఆసుపత్రుల చుట్టూ తిప్పింది అన్నయ్య. నేను హైదరాబాదులో వ్యాసాలు రాసుకుంటూ పండక్కొచ్చి పోయేవాణ్ణి. ఇల్లు పంచుకునే రోజున ఖర్చుల మాట వచ్చింది. నేను, ఈ పెద్దమనిషిని, "బిల్లులు ఉన్నాయా?" అని అడిగాను. అన్నయ్య బ్యాంకులో క్యాషియరు. ఇరవై ఏళ్ళుగా లెక్కలో రూపాయి తేడా రాని మనిషి. ఆ మాటకి లేచి వెళ్ళిపోయాడు. నెల తిరక్కుండా ఇంటి ముందు అరుగు మధ్యన గోడ లేచింది. వాడు తన సగానికి ఆకుపచ్చ రంగు వేయించాడు. నేను పంతం కొద్దీ నా సగానికి పసుపు వేయించాను. ఏడాదిన్నర మాటల్లేవు. అమ్మ మాత్రం రెండు రంగుల మధ్యా తిరుగుతూ ఉండేది.

ఒకరోజు అమ్మ ఫోను చేసింది. "చిన్నాడా, నాన్న నా పేర వేసిన డబ్బు చేతికొచ్చింది. ఒక్కసారి విమానం ఎక్కాలనుంది. వియత్నాం వెళ్దాం."

"వియత్నామేమిటమ్మా, కాశీ కాకుండా?"

"చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో సినిమాకి ముందు న్యూస్ రీలు వేసేవారు. అందులో ఎప్పుడూ ఆ ఊరే. పాపం ఇప్పుడెలా ఉన్నారో చూడాలి." ఒక్క క్షణం ఆగి అంది: "పెద్దాడూ వస్తాడు. ఇద్దరూ వస్తేనే నేను వస్తా. లేదంటే ఆ డబ్బు గుడికిచ్చేస్తా."

అదీ సంగతి. బెదిరింపుల్లో మా అమ్మని మించిన విలన్ లేరు.

ఫస్ట్ రీల్

పాపకి వేసవి సెలవులివ్వగానే బయల్దేరాం. మొత్తం ముప్ఫై ఇద్దరం. గుంటూరు నుంచి రిటైరైన దంపతులు, మాగాయి సీసాతో సహా. కొత్తగా పెళ్ళయిన జంట, సెల్ఫీ కర్రతో సహా. పదకొండుమంది ఉన్న ఒకే కుటుంబం, పదకొండు అభిప్రాయాలతో సహా. వీళ్ళందర్నీ తోలుకెళ్ళే టూర్ మేనేజరు కుర్రాడికి పాతికేళ్ళుంటాయేమో. ప్రతి గంటకీ తలలు లెక్కపెట్టేవాడు. ముప్ఫై ఒకటి వస్తే పాపం ముఖం చూడాలి!

హోచిమిన్ నగరంలో దిగాం. పాత పేరు సైగాన్. మనకంటే గంటన్నర ముందు నడుస్తుంది వాళ్ళ గడియారం. ఏప్రిల్ 30 దగ్గర పడింది కాబట్టి వీధి వీధినా ఎర్ర జెండాలు, మధ్యలో పసుపు నక్షత్రం. 1975లో యుద్ధం ముగిసిన రోజది. అక్కడ పెద్ద సెలవు. ఇక ఆ మోటారు సైకిళ్ళ ప్రవాహం! రోడ్డు దాటాలంటే ఆగకూడదు, పరుగెత్తకూడదు. నింపాదిగా నడుచుకుంటూ పోతే వాళ్ళే పక్కకి తప్పుకుంటారు. అమ్మ పాప చెయ్యి పట్టుకుని, మా ఊరి సంతలో దాటినట్టు దాటేసింది. నేనూ అన్నయ్యా చెరో గట్టున ఉండిపోయాం.

హోటల్లో గదుల పంపకం. ముందు అనుకున్నది అన్నయ్యకీ వదినకీ పాపకీ ఒక గది, అమ్మకీ నాకూ ఒకటి. తాళాలు చేతికొచ్చే వేళకి అమ్మ "నాకు పాపతో పడుకోవాలనుంది" అంది. వదిన "అయితే మేం ముగ్గురం ఒక గది" అంది, ముందే రిహార్సల్ చేసినట్టు. మిగిలిందెవరు? అన్నయ్యా, నేనూ!

ఆ రాత్రి ఏసీ రిమోటుతో మూకీ సినిమా నడిచింది. వాడు 24 పెడతాడు. నేను 20 పెడతాను. ఒక్క డైలాగు లేదు.

కర్రపెండలం ముక్క

మర్నాడు కూచీ సొరంగాలకి తీసుకెళ్ళారు. యుద్ధంలో గెరిల్లాలు నేల కింద తవ్వుకున్న దారులు, అన్నీ కలిపితే 250 కిలోమీటర్ల దాకా ఉండేవంటారు. అందులోనే నిద్ర, అందులోనే వంట, అందులోనే ఆసుపత్రి. పొగ బయటికి తెలిస్తే బాంబు పడుతుంది కాబట్టి, పొయ్యి పొగని మట్టిలోంచి దూరంగా పంపి, పొగమంచులా పల్చగా వదిలేవారు. టూరిస్టుల కోసం కొంత భాగం వెడల్పు చేశారుట. ఆ వెడల్పు చేసినదాంట్లో నేను మొదటి మలుపు దగ్గరే ఊపిరాడక పైకొచ్చేశాను. పాప మాత్రం చివరిదాకా పాకి, మోకాళ్ళనిండా మట్టితో "బాబాయ్, నువ్వు ఫెయిల్!" అంది.

బయటికొచ్చాక బల్లల దగ్గర కూర్చోబెట్టి ఒక పళ్ళెం పెట్టారు. ఆ రోజుల్లో గెరిల్లాలు తిన్న తిండి అట. ఉడికించిన కర్రపెండలం, పక్కన వేరుశనగ, నువ్వులు, ఉప్పు కలిపిన పొడి. మా గుంపులో సగంమంది వాసన చూసి పక్కన పెట్టారు. అమ్మ మాత్రం ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ఇది మా ఊరి దుంపేరా" అంది.

నిజమే. పెద్దాపురం, సామర్లకోట చుట్టుపక్కల కర్రపెండలం పొలాలు, సగ్గుబియ్యం మిల్లులు తెలియనిదెవరికి? మేం చిన్నగా ఉన్నప్పుడు నాన్న జీతం అందని నెలల్లో అమ్మ పొద్దున్న ఇదే ఉడకబెట్టేది. దుంపని సరిగ్గా మధ్యకి విరిచి, ఒక సగం వాడికి, ఒక సగం నాకు. ఎవరి ముక్క పెద్దదని మేం కొట్టుకునేవాళ్ళం.

అమ్మ పళ్ళెంలోంచి ఒక ముక్క తీసి మధ్యకి విరిచింది. మాట్లాడకుండా చెరో సగం మా చేతుల్లో పెట్టింది. దూరంగా టూరిస్టులు డబ్బులిచ్చి తుపాకులు పేల్చుకునే చోటినుంచి చప్పుళ్ళు. తిన్నాం. వాడటు చూస్తూ, నేనిటు చూస్తూ.

రెండు వంతెనలు

సైగాన్ నుంచి విమానంలో దనాంగ్. అక్కడికి దగ్గర్లో బానా కొండలు, వాటిమీద గోల్డెన్ బ్రిడ్జి. సోషల్ మీడియాలో చూసే ఉంటారు, రెండు రాతి చేతులు మోస్తున్న పసుపు వంతెన. 2018లో తెరిచారు. పొడవు 150 మీటర్లు. కొత్త జంట ఆ చేతుల్ని చూసి "ఎన్ని వందల ఏళ్ళనాటి శిల్పమో!" అన్నారు. మేనేజరు నవ్వాడు. అది రాయి కాదు, ఇనుప వల మీద ఫైబర్ గ్లాసు. నాచు పట్టినట్టు రంగు వేశారు. మన ఆర్ట్ డైరెక్టర్లు చేసే పనేగా! సెట్టని తెలిసినా జనం విరగబడి చూస్తున్నారు. సినిమా అభిమానులం, మనం తప్పు పట్టగలమా?

దిగేటప్పుడు బస్సులో లోకల్ గైడు ఇంకో వంతెన కథ చెప్పాడు. దనాంగ్‌కి ఉత్తరాన క్వాంగ్ ట్రీ అనే చోట బెన్‌హాయ్ నది ఉంది. 1954లో దేశాన్ని రెండు ముక్కలు చేసినప్పుడు ఆ నదే సరిహద్దయింది. నదిమీద హియెన్ లువాంగ్ వంతెన. సగం ఉత్తరానిది, సగం దక్షిణానిది. దక్షిణం వాళ్ళు తమ సగానికి నీలం వేస్తే, ఉత్తరం వాళ్ళు తమ సగానికీ నీలమే వేసేవారట. వీళ్ళు రంగు మారిస్తే వాళ్ళూ అదే రంగుకి మార్చేవారట, వంతెనంతా ఒకే రంగులో ఉండాలని. 1967లో బాంబులకి ఆ వంతెన కూలింది. దేశం 1976లో లాంఛనంగా ఒకటయింది. తర్వాత పాత రూపంలోనే వంతెన మళ్ళీ కట్టారు. రెండు రంగులూ ఇప్పుడు గుర్తుకోసం ఉంచారు.

వదిన వెనక సీట్లోంచి, ఎవరినీ ఉద్దేశించనట్టు, "ఆకుపచ్చా, పసుపూనా?" అని అడిగింది. గైడుకి తెలుగు రాదు. మా ఇద్దరికీ వచ్చు.

ఇంటర్వెల్

ఆ సాయంత్రం హొయ్యాన్. పాతకాలం రేవు పట్టణం. 1999లో యునెస్కో వారి జాబితాకెక్కింది. పసుపు గోడల ఇళ్ళు, నదినిండా రంగు లాంతర్ల పడవలు. ఏ కెమెరామన్ లేకుండానే ప్రతి వీధీ పాట చిత్రీకరణలా ఉంటుంది. నదిలో కాగితపు దీపాలు వదులుతారు. నాన్న పేర ఒకటి వదలాలంది అమ్మ. మన కార్తీక దీపాల్లాగే.

ఇక్కడ మీకో హెచ్చరిక. వాళ్ళ డబ్బు డాంగ్. మన రూపాయికి ఇంచుమించు మూడువందల డాంగులు. పర్సు తెరిస్తే మనం లక్షాధికారులం! కాని ఇరవై వేల నోటూ నీలమే, ఐదు లక్షల నోటూ నీలమే. దీపాలమ్మే ముసలమ్మకి నేను దర్జాగా ఒక నీలం నోటు తీసిచ్చాను.

"ఒరేయ్! అది ఐదు లక్షలురా!"

వెనక్కి తిరిగాను. అన్నయ్య! ఏడాదిన్నర తర్వాత మొదటి డైలాగు. క్యాషియరు కళ్ళు చీకట్లోనూ నోటు పోల్చుకున్నాయి. ఆ ముసలమ్మ అప్పటికే బోసినోటితో నవ్వుతూ నోటు తిరిగి చాచింది. అన్నయ్య తన జేబులోంచి ఇరవై వేల నోటు తీసి ఆవిడకిచ్చాడు. నాకు చెప్పాలో వద్దో అన్నట్టు కాసేపు ఆగి, "దీని వెనక ఈ ఊరి వంతెన బొమ్మే ఉంది. చూసుకోవద్దూ?" అన్నాడు. చూద్దును కదా, నిజమే. హొయ్యాన్ జపాను వంతెన.

ముగ్గురం కలిసి నాన్న దీపం నీళ్ళలో పెట్టాం. అది కాసేపు ఒడ్డునే తచ్చాడి, తర్వాత మిగతా దీపాల్లో కలిసిపోయింది.

తెర వెనక

హనోయ్‌లో మెట్రోపోల్ అని 1901నాటి హోటలుంది. 1936లో చార్లీ చాప్లిన్ పాలెట్ గొడార్డ్‌తో కలిసి అక్కడ దిగాడు. మా టూరు హోటలు అది కాదులెండి. బయటినుంచే ఫొటో తీసుకుని, నమస్కారం పెట్టి వచ్చాను.

గుంటూరు బాబాయిగారు టీ కోసం ఒక చిన్న హోటల్లో దూరి "చాయ్, చాయ్" అన్నారు. కాసేపటికి టోఫూ వేసిన నూడుల్స్ వచ్చాయి. వాళ్ళ భాషలో 'చాయ్' అంటే శాకాహారం! మనవాళ్ళు ఏకాదశి ఉన్నట్టు, అక్కడ చాలామంది చాంద్రమాసం ఒకటో తారీకునా, పదిహేనో తారీకునా శాకాహారమే తింటారు. బాబాయిగారు అదే తిని, "బాగానే ఉందయ్యా, రోజూ ఆ పప్పు హోటల్‌కి తీసుకెళ్తారేం?" అని మేనేజర్ని నిలదీశారు. గ్రూప్ టూరుతో ఉన్న చిక్కే అది. దేశం కిటికీ బయట ఉంటుంది, పప్పు ప్లేటులో ఉంటుంది.

సాయంత్రం హోన్ కీమ్ చెరువు పక్కన నీటి బొమ్మలాట. వేదికంతా నీళ్ళే. బొమ్మలు నీళ్ళ మీద ఆడతాయి, డ్రాగన్లు నిప్పు కక్కుతాయి. ఎర్రనది వరిపొలాల్లో దాదాపు వెయ్యేళ్ళ కిందట పుట్టిన ఆటట. చూ తేవ్ అనే బొజ్జబొమ్మ ముందుకొచ్చి జనాన్ని నవ్విస్తాడు. అమ్మ పాపతో "వీడు మన కేతిగాడేనే! తోలుబొమ్మలాటలో ఉంటాడు చూడు" అంది. పాప తోలుబొమ్మలాట చూడలేదు. ఆ మాట అమ్మకి గుచ్చుకుంది.

ఆట అయ్యాక వెదురు తెర తొలిగింది. ఆడించినవాళ్ళు నడుంలోతు నీళ్ళలోంచి బయటికొచ్చి దణ్ణం పెట్టారు. "ఇంతసేపూ నీళ్ళలోనే నిలబడ్డారా పాపం!" అంది అమ్మ. నాకు హోటలు గది తాళాలు గుర్తొచ్చాయి. బస్సులో నాకూ అన్నయ్యకీ రోజూ పక్కపక్క సీట్లే ఎందుకొస్తున్నాయో, మేనేజరు కుర్రాడు అమ్మ ఇచ్చిన సున్నుండలు ఎందుకంత శ్రద్ధగా తింటున్నాడో, అప్పుడు అర్థమైంది.

క్లైమాక్స్

హాలాంగ్ బేలో వందలకొద్దీ రాతి దీవులు చూశాం. 1992లో వచ్చిన ఫ్రెంచి చిత్రం 'ఇండోచైన్'లో కనిపించే నీళ్ళవి. ఆఖరి రోజు నిన్‌బిన్ దగ్గర చాంగాన్. 'కాంగ్: స్కల్ ఐలాండ్' (2017) కొంతభాగం తీసింది ఇక్కడే. ఆ సినిమా సెట్టు పల్లెని కొంతకాలం టూరిస్టులకి ఉంచి, 2019లో తీసేశారు. సున్నపురాయి కొండల కింద గుహల్లోంచి నది పోతుంది. పడవకి నలుగురే, నడిపేది ఎక్కువగా ఆడవాళ్ళే. వదిన "నేను కొత్త జంటతో వెళ్తా" అని జారుకుంది. ముందు అమ్మా పాపా, వెనక మేమిద్దరం.

పడవలో అదనంగా రెండు చిన్న తెడ్లుంటాయి, ఇష్టమైతే మనమూ వెయ్యొచ్చు. వాడు ఎడమ పక్క వేశాడు, నేను కుడి పక్క. వాడు వేసినప్పుడు నేను వెయ్యను. నేను వేసినప్పుడు వాడు ఆపుతాడు. పడవ తాగినవాడిలా అటూ ఇటూ ఊగుతూ ఒడ్డుకి కొట్టుకుంది. నడిపే ఆవిడ పకపకా నవ్వి "మోట్, హాయ్! మోట్, హాయ్!" అంది. ఒకటి, రెండు అని. పాప అందుకుంది: "నాన్నా ఒకటి! బాబాయ్ రెండు! కాదు కాదు, ఇద్దరూ ఒకటి!"

ఇద్దరం ఒకటికే వేశాం. పడవ తిన్నగా సాగింది.

గుహ వచ్చింది. లోపల చీకటి, పైకప్పు బాగా కిందికి ఉంది. నేను ఫోను పైకెత్తి ఫొటో తీసే ధ్యాసలో ఉన్నాను. చటుక్కున ఒక చెయ్యి నా తలమీద పడి కిందికి వంచింది. "తలొంచరా, రాయి తగుల్తుంది!" చిన్నప్పుడు కాలవలో ఈత నేర్పేటప్పుడు పడిన చెయ్యే. గుహ అయిపోయేదాకా అది తలమీదే ఉంది. అమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. చూడాల్సిన పని లేదనుకుందేమో.

ఆ రాత్రి గదిలో దీపం ఆర్పాక, "అన్నయ్యా, ఆ రోజు నేను బిల్లులు అడగాల్సింది కాదు" అన్నాను.

చాలాసేపు జవాబు లేదు. తర్వాత, "పొద్దున్నే ఫ్లైటు. పడుకో" అన్నాడు. ఏసీ 22లో పెట్టాడు.

మీరూ వెళ్తారా?

వెళ్ళండి. ఈ-వీసా ఇంట్లో కూర్చుని తెచ్చుకోవచ్చు. 2023 ఆగస్టు నుంచి 90 రోజులదాకా ఇస్తున్నారు, ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు. ఇంటిపేరు, పేరు పాస్‌పోర్టులో ఎలా ఉన్నాయో అక్షరం తేడా లేకుండా అలాగే రాయండి. మధ్య వియత్నాంలో అక్టోబరు, నవంబరు వానలు, వరదలు. వాళ్ళ కొత్త సంవత్సరం టెట్ రోజుల్లో దుకాణాలు చాలావరకు మూసేస్తారు. టూరుకి డబ్బు కట్టేముందు నాలుగు ప్రశ్నలు అడగండి: గుంపులో ఎంతమంది? బస్సులో రోజుకి ఎన్ని గంటలు? షాపులకి ఎన్నిసార్లు తిప్పుతారు? మన ఇష్టానికి వదిలే పూట ఒక్కటైనా ఉందా? గదిలో ఎవరితో పడుకోవాలో మాత్రం అడక్కండి. అది మీ అమ్మకి వదిలెయ్యండి.

ఇంటికొచ్చి పది రోజులైంది. గోడ అలాగే ఉంది. ఏడు రోజుల టూరుకి గోడలు కూలడం సినిమాల్లోనే జరుగుతుంది. కాని మొన్న ఆదివారం ఫోను మోగింది. అన్నయ్య.

"వానలొచ్చేలోగా అరుగుకి రంగు వేయిస్తున్నా. నీ వైపు కూడా పెచ్చులూడిపోతోంది. ఏ రంగు వేయించమంటావు?"

"నువ్వు నీ వైపు ఏది వేయిస్తే అదే" అన్నాను.

వచ్చే వారం మళ్ళీ సినిమా కబుర్లతో కలుద్దాం!